పన్నెండో ఖానా

హన్మకొండ రికార్డు గదిలో
బస్తాలకు ఎర్రగుడ్డ కట్టి ఉంటది.
ముడి విప్పితే ముందు దుమ్ము లేస్తది,
దాని వెనుక డాంబరు గోలీల వాసన,
ఇంకా వెనుక, ఎన్నడో కాలం చేసిన
పట్వారీ నస్యం.

మా ఇంట్ల భూమి లేదు. భూమి మాట ఉంది.
మట్టెవాడ గల్లీలో మూడు గజాల దుకాణం,
ఆముదాలు, నువ్వులు, ఎండుమిర్చి,
అంకెలరిగిన తూకం రాళ్లు.
అయినా పప్పు చప్పగుంటే
మా మేనత్త కౌసల్య పెదవి విరిచేది:
"మల్లని చెలక కంది కాదిది."
నీళ్లు ఉప్పగిల్లితే:
"మల్లని బాయి నీళ్లు తాగిన నోరమ్మా మాది."
మల్లడెవరని అడిగితే
"పరకాల దిక్కు మన కొట్టముండె.
దాని పేరే అంత" అని
చాటలో రాళ్లేరుకుంటూ కూసునేది.

ఆ 'అంత'ను వెతుక్కుంటూ వచ్చిన.

జహంగీర్ సాబుకు డెబ్బై ఎనిమిదేండ్లు.
తహశీలు నౌకరీ దిగి ఇరవై ఏండ్లాయె,
శికస్తా రాత చదవాలంటే ఇప్పటికీ ఆయన్నే పిలుస్తరు.
కాగితాన్ని ముట్టడు.
దాని మీది గాలిలో వేలు నడిపిస్తడు
కుడి నుంచి ఎడమకు,
నిద్రపోతున్న పసివాని మీద ఈగను తోలినట్టు.

"పదమూడు వందల నలభై నాలుగు ఫసలీ.
ఐదువందల తొంభై కలుపుకో బిడ్డా,
నీ సంవత్సరమొస్తది."
అసలుకు మిత్తి కలిపినంత అలవాటుగా కలిపిన.

"మౌజా జూపాకపల్లి. నంబరు నూటపదిహేడు.
పట్టాదారు... కాఫ్, వావ్...
ఇక్కడ నుక్తాను పురుగు తిన్నది.
చుక్క లేకుండ నేను పేరు చెప్పను."

భూతద్దం తుడిచిండు. చాయ్ తాగిండు.
వెనుకటేడు బస్తా విప్పించిండు.
పొద్దు వాలంగ దొరికింది చుక్క.

"కొండయ్య. అయిత కొండయ్య.
పేషా సౌదాగరీ. సాకిన్ మట్టెవాడ."

ఫొటో కూడా లేని మా ముత్తాత
ఆ ముసలాయన గొంతులో
మొదటిసారి నాకు పలికిండు.

ఇరవై రెండెకరాల పదకొండు గుంటలు.
మోటబాయి ఒకటి. కొట్టం ఒకటి, తాటాకు కప్పు.
చింతలు రెండు, అందులో ఒకటి కాయనిది.
కాయని చెట్టును కూడా రాసుకున్న సర్కారు!
నవ్వొచ్చింది.

నవ్వుతుండంగనే సాబు వేలు
ఎర్రసిరా మీద ఆగింది.
"గాదె మల్లయ్య పేరు ఖారిజు.
కర్జా నూటనలభై, హాలీ సిక్కా."

మల్లయ్య.
మా పొయ్యి మీద డెబ్బై ఏండ్లు
పప్పుతో పాటు ఉడికిన పేరు.

"పన్నెండో ఖానా చూడు, దున్నేదెవరో:
గాదె మల్లయ్య.
మరుసటేడు, గాదె మల్లయ్య.
ఆ మరుసటేడు, ఆయన పెండ్లాం లచ్చుమమ్మ."
తర్వాతి కాగితాలు చెదల పాలు.
సాబు కండ్లద్దాలు తీసి
నా దిక్కు చూడకుండ ముడి కట్టిండు.

కార్తీకంలో జూపాకపల్లికి పోయిన.
కొట్టం లేదు. కాల్వ కట్ట ఉంది.
బాయి పూడ్చిన చోట
గడ్డి కొంచెం ఎక్కువ పచ్చగ ఉంది.
నడుముకు సంచి కట్టుకొని
పత్తి ఏరుతున్నామె తలెత్తింది.

"ఈ జాగ పేరేందమ్మా?"
"సావుకారి కొట్టం."
"ఏ సావుకారి?"
"ఏమో, ఎవలెరుక? మా అత్త అట్లనే అనేది.
భూమి మాదే, గాదె వాళ్లది.
ఎప్పటికీ మేమే దున్నినం.
పేరే వాళ్లది."

మా ఇంట్ల వాళ్ల పేరు.
వాళ్ల చేన్ల మా పేరు.
ఎవరు ఎవరికి బాకీయో
ఏ చిట్టాలో రాసి లేదు.

"నువ్వెవలింటి పిల్లవు?"

నోటిదాకా వచ్చింది
నుక్తా లేని పేరు లెక్క ఆగింది.
ఆమె జవాబు కోసం నిలవడలేదు.
పత్తి సాళ్ల నడుమ కందిచెట్టు వంచి
గుప్పెడు పచ్చికాయ తెంపి
నా దోసిట్ల పోసింది.

సిగ్గులేని చెయ్యి
దానంతటదే తూచింది:
పావుకు కొంచెం తక్కువ.